కాలువ కట్టేసే రోజులు



ఆదివారం రాత్రి రాజమండ్రి స్టేషన్‌కి ఎప్పుడైనా వెళ్ళారా? కాకినాడ నుంచి వచ్చే గౌతమి ఎక్స్‌ప్రెస్ కోసం ప్లాట్‌ఫారం నిండా జనం ఉంటారు. అందులో కుర్రవాళ్ళే ఎక్కువ. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో ఇంకో సంచి. ఆ సంచిలో ఏముందో మనం తెరిచి చూడక్కర్లేదు. ఆవకాయ, సున్నుండలు, పైన నలగకుండా పూతరేకుల పెట్టె. "మూత గట్టిగా బిగించానో లేదో, నూనె కారుద్దేమో చూసుకోరా" అంటూ వాళ్ళమ్మ పక్కనే ఉంటుంది. బోగీ ఎక్కడ ఆగుతుందోనని నాన్నగారు అటూ ఇటూ తిరుగుతుంటారు. ఆ అబ్బాయి ముఖం చూడండి. శనివారం పొద్దున ఇదే ప్లాట్‌ఫారం మీద దిగిన ముఖం కాదది. రైలు ఇంకా రానేలేదు. అతనికి మాత్రం సోమవారం మొదలైపోయింది.

ఈ పూట ఆ సోమవారం గురించి మాట్లాడుకుందాం. పెద్ద నగరంలో బతికేవాళ్ళ మనసు మీద పడే ఒత్తిడి గురించి, దాన్ని తట్టుకోవడం గురించి. హైదరాబాదులో, బెంగళూరులో ఉన్న మన పిల్లలతో మాట్లాడతాను. ఇక్కడ రాజోలులోనో, తణుకులోనో, రావులపాలెంలోనో రేడియో పక్కన కూర్చున్న మీతోనూ మాట్లాడతాను. నిజానికి మీతోనే ఎక్కువ పని ఉంది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ముందు ఒక సంగతి గుర్తు చేయాలి. మన డెల్టా మనిషికి మహానగరం కొత్త కాదు. హైటెక్ సిటీ పేరు ఎవరూ వినని రోజుల్లోనే మన తాతలు, ముత్తాతలు వెళ్ళిన నగరం ఒకటుంది. రంగూన్. మనవాళ్ళ నోట్లో అది రంగం. "ఆయన రంగం వెళ్ళొచ్చిన మనిషి" అంటే ఊళ్ళో అదో హోదా. కోరంగి రేవులో, ఆ తర్వాత కాకినాడలో ఓడ ఎక్కేవారు. ఎంతమంది వెళ్ళారంటే, బర్మాలో తెలుగువాళ్ళకి కోరంగీలనే పేరు స్థిరపడిపోయింది. మనవాళ్ళు అక్కడ రేవులో బస్తాలు మోశారు. ధాన్యం మిల్లుల్లో పనిచేశారు. రిక్షాలు లాగారు.

ఎలా బతికారు? చాలామంది మేస్త్రీ దగ్గర ముందే డబ్బు తీసుకుని ఓడెక్కినవాళ్ళు. ఆ బాకీ తీరేదాకా ఆయన పెట్టిన చోట పని చేయాలి. ఇరుకు బసలు. ఊపిరాడని గదులు. 1930 మే నెలలో రేవు పని దగ్గర తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ తగవొచ్చి, అది ఊరంతా అంటుకుని, ఎంతోమంది ప్రాణాలు పోయాయి. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడలో చోటు దొరకనివాళ్ళు అడవుల వెంట, కొండల వెంట నడిచి ఈ దేశం చేరారు. దారిలో పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళే ఇళ్ళకొచ్చారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పట్నం బతుకు బరువనిపించడం మన పిల్లల మెతకతనం కాదు. "మా రోజుల్లో మేం ఎంత కష్టపడ్డాం! ఏసీ గదిలో కూర్చుని చేసే పనికి వీళ్ళకి ఒత్తిడేమిటి?" అంటుంటాం. ఆ మాట కాస్త ఆపుదాం. తాతకి మేస్త్రీ బాకీ. మనవడికి ఫ్లాటు ఈఎంఐ. కాళ్ళకి బంధం పడ్డాక గదిలో ఏసీ ఉందా, ఫ్యాను ఉందా అన్నది పెద్ద తేడా కాదు.

సరే, ఇంతకీ నగరంలో మనిషిని నలిపేది ఏది? పనా? దూరమా? చప్పుడా?

అమెరికాలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నే వేసుకున్నారు. డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్. వాళ్ళు చేసిన ప్రయోగాలన్నీ 1972లో పుస్తకంగా వచ్చాయి. పుస్తకం పేరు అర్బన్ స్ట్రెస్. అందులో ఒక ప్రయోగం చెబుతాను, జాగ్రత్తగా వినండి. కొంతమందిని కూర్చోబెట్టి ఏదో పని ఇచ్చారు. పని చేస్తుండగా చెవులు చిల్లులు పడేలా చప్పుడు వినిపించారు. ఆ చప్పుడు ఎప్పుడొస్తుందో, ఎప్పుడాగుతుందో తెలియదు. అయితే కొందరికి మాత్రం ఒక బొత్తాం చూపించారు. "మరీ భరించలేకపోతే ఇది నొక్కండి, చప్పుడు ఆగిపోతుంది. నొక్కకుండా ఉంటే మాత్రం మాకు మేలు" అన్నారు.

ఏమైంది? బొత్తాం ఉన్నవాళ్ళు కూడా నొక్కలేదు. ఎవరో ఒకరూ ఇద్దరూ తప్ప. అంటే అందరూ విన్నది ఒకే చప్పుడు. అది ఆగిపోయాక వాళ్ళకి కొన్ని చిక్కు ప్రశ్నలు ఇచ్చారు. బొత్తాం లేనివాళ్ళు తొందరగా విసిగిపోయి వదిలేశారు. బొత్తాం ఉన్నవాళ్ళు ఓపిగ్గా కూర్చుని ప్రయత్నించారు.

ఇది మళ్ళీ చెబుతాను. చప్పుడు ఒకటే. బొత్తాం నొక్కలేదు. కానీ బొత్తాం ఉంది. కావాలంటే ఆపగలను అన్న ధైర్యం ఉంది. మనిషిని కాపాడింది ఆ ధైర్యమే. ఇంకో సంగతి కూడా వాళ్ళు చూశారు. అదే చప్పుడు ఒక లెక్క ప్రకారం, క్రమం తప్పకుండా వచ్చినప్పుడు జనం అంతగా దెబ్బతినలేదు. ఎప్పుడొస్తుందో తెలియని చప్పుడే మనిషిని పాడు చేసింది.

ఇప్పుడు హైదరాబాదు వెళదాం. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ. మన వైపు యాస వినిపించని వీధి అక్కడ వెతికినా దొరకదు. మనమ్మాయే ఒకతె అక్కడ ఉందనుకోండి. పొద్దున నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు. పనిమనిషి వస్తుందో రాదో తెలియదు. క్యాబ్ నాలుగు నిమిషాలంటుంది. కాసేపటికి ఏడంటుంది. చివరికి డ్రైవరు రద్దు చేస్తాడు. ఎక్కితే జేఎన్‌టీయూ దగ్గర ఎంతసేపు ఆగిపోతుందో తెలియదు. సాయంత్రం ఇంటికి బయల్దేరబోతుంటే అమెరికా వాళ్ళకి తెల్లారుతుంది, మీటింగు పెడతారు. పిల్లకి జ్వరమని బడి నుంచి ఫోను. ఆ అమ్మాయి పనికి భయపడే మనిషి కాదండి. ఇంటర్‌లో ఉన్నప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివిన పిల్ల. పనిది ఏముంది, చేసేస్తుంది. పొద్దుట్నుంచి రాత్రిదాకా ఏ ఒక్కటీ ఆమె చేతిలో లేదు. అదీ ఆమె అలసట.

అందుకని నగరంలో ఉన్నవాళ్ళకి నా మొదటి మాట ఇది. ఒత్తిడినంతా తుడిచిపెట్టేద్దామని బయల్దేరకండి. అది అయ్యే పని కాదు. మీ చేతిలో ఒక బొత్తాం ఉండేలా చూసుకోండి. రోజులో ఏదో ఒక్కటి మీరు చెప్పినట్టు జరగాలి.

ఉదాహరణకి ప్రయాణం. 2017 నవంబరులో హైదరాబాదు మెట్రో మొదలైంది. మెట్రోలో సుఖంగా కూర్చుని వెళ్ళిపోతారని నేను అనను. పొద్దున అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు కాలు మోపే చోటుండదు. పైగా కేపీహెచ్‌బీ నుంచి హైటెక్ సిటీకి వెళ్ళడానికి అమీర్‌పేట దాకా పోయి వెనక్కి తిరిగి రావాలి. మ్యాపులో చూస్తే నవ్వొస్తుంది. అయినా అందులో ఒక మంచి ఉంది. ఇంట్లోంచి ఎన్నింటికి కదిలితే ఎన్నింటికి చేరతారో తెలుస్తుంది. పది నిమిషాలు ఎక్కువైనా సరే, తెలిసిన దారి మేలు. అలాగే ఇల్లు. హాలు కాస్త చిన్నదైనా, అద్దె కాస్త ఎక్కువైనా, ఆఫీసుకి దగ్గర్లో ఇల్లు తీసుకున్నవాడు నా లెక్కలో తెలివైనవాడు. పెద్ద ఇల్లు, పెద్ద సోఫా కొనుక్కుని, దాని మీద కూర్చునే టైమంతా రోడ్డు మీద పోగొట్టుకునేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది.

ఇక రెండో మాట. ఇది మన ఊరి సంగతే.

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ ఆ తర్వాత కట్టింది. అక్కణ్ణుంచి తూర్పు డెల్టాకి, మధ్య డెల్టాకి, పశ్చిమ డెల్టాకి కాలువలు పారతాయి. పది లక్షల ఎకరాలకి పైగా తడిపే నీళ్ళు. అంత పని చేసే కాలువల్ని మనం ఏటా ఏం చేస్తాం? కట్టేస్తాం. దాళ్వా కోతలు అవుతూనే, ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. పూడిక తీస్తారు. గుర్రపుడెక్క లాగి గట్టున పడేస్తారు. లాకుల తలుపులు, తూములు సరిచేస్తారు. గట్టు ఎక్కడ జారిందో చూసుకుంటారు. నీళ్ళు నిండుగా పారుతుండగా ఈ పనులు అవవు కదా. మళ్ళీ జూన్ వచ్చాక నీళ్ళు వదులుతారు. కాలువ కట్టేశారని ఏ రైతైనా దాన్ని సోమరిపోతు అంటాడా? అనడు. కట్టకుండా ఏళ్ళ తరబడి వదిలేస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. శివారు చేలకి చుక్క నీరు అందదు.

నగరంలో ఏదీ కట్టెయ్యరు. అర్ధరాత్రి బిరియానీ వస్తుంది. తెల్లవారుజామున ఆఫీసు మెసేజీ వస్తుంది. అక్కడ మీ కాలువని మీరే కట్టెయ్యాలి. ఇంకెవరూ వచ్చి కట్టరు.

ఏటా రెండు నెలలు కట్టమంటే కుదరదు. రోజుకో గంట చాలు. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను తీసుకెళ్ళి హాల్లో చార్జింగుకి పెట్టేయండి. పడకగదిలోకి తేవద్దు. "అలారం ఎలాగండీ?" అంటారు. అలారం గడియారమని ఒకటి ఉంటుందండి, ఇంకా అమ్ముతున్నారు. "ఆఫీసు వాళ్ళు ఫోను చేస్తేనో?" అంటారు. నిజంగా మీ డ్యూటీ రాత్రయితే సరే, ఎత్తండి. మిగతా రాత్రుల్లో పొద్దున చూసుకునే పని ఎంత, అప్పటికప్పుడు చూడాల్సింది ఎంత? ఒక వారం రోజులు లెక్క రాసి చూడండి. ఆ లెక్క చూసి మీరే నవ్వుకుంటారు.

ఆ గంటలో ఏం చేయాలి? గొప్ప పనులేం అక్కర్లేదు. చేతులకి పని, బుర్రకి సెలవు. చిక్కుడుకాయల ఈనెలు తీయండి. చొక్కా ఇస్త్రీ చేసుకోండి. పిల్లకి జడ వేయండి. కాసేపు ఊపిరి చూసుకోండి. నెమ్మదిగా పీల్చండి, దానికంటే నెమ్మదిగా వదలండి. ఇప్పుడే చేద్దామా? పీల్చండి. ఇప్పుడు మెల్లగా వదలండి. తొందరేం లేదు. ఇంకొక్కసారి. అంతే. భుజాలు కాస్త కిందికి దిగాయి కదూ? దీనికి టిక్కెట్టు లేదు, క్లాసు లేదు.

దీన్నొదిలి మనవాళ్ళు విశ్రాంతి పేరుతో ఏం చేస్తున్నారో చూడండి. శనివారం సాయంత్రం మాల్‌కి బయల్దేరతారు. పార్కింగు కోసం చుట్లు తిరుగుతారు. జనంలో తోసుకుని సినిమా చూస్తారు. అర్ధరాత్రి ట్రాఫిక్‌లో ఇల్లు చేరతారు. దాన్ని రిలాక్స్ అవడం అంటారు. ఇక సంక్రాంతి. విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారు ప్రతి ఏడూ టీవీలో చూస్తూనే ఉంటాం. పండక్కి రావద్దని నేను అనను, రండి, కోడి పందేలు తప్ప అన్నీ చూసి వెళ్ళండి. కాకపోతే ఏడాదంతా కూడబెట్టిన అలసట మూడు రోజుల్లో దిగదు. రోజూ కాస్త దింపుకుంటే దిగుతుంది.

మళ్ళీ ఒకసారి గుర్తు చేస్తున్నాను. మొదటిది, మీ చేతిలో ఒక బొత్తాం. రెండోది, రోజూ ఒక గంట కాలువ కట్టెయ్యడం.

ఒత్తిడంటే ఉద్యోగస్తులదే అనుకుంటాం. ఆ ఇంట్లో ఇంకొకరున్నారు, వాళ్ళని మర్చిపోతున్నాం. పెద్దవాళ్ళు. ఊళ్ళో ఒంటరిగా ఎందుకని నాన్నగారిని తీసుకెళ్ళి ఎనిమిదో అంతస్తులో పెడతారు. మంచి ఉద్దేశమే. ఆయన జీవితమంతా అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చున్న మనిషి. దారిన పోయే ప్రతివాడూ "ఏవండీ, నీళ్ళొదిలారంటనా?" అని పలకరించి పోయేవాడు. ఇక్కడ ఎదురు ఫ్లాటు తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. కొడుకూ కోడలూ తొమ్మిదింటికి వెళ్ళిపోతారు. లిఫ్టులో బొత్తాలకేం కొదవ లేదు. ఆయన చేతిలో మాత్రం ఒక్కటీ లేదు.

అలాంటి పెద్దాయనకి టీవీ ఇంకాస్త పెద్దది కొనకండి. ఒక పని అప్పజెప్పండి. కూకట్‌పల్లి రైతుబజారుకి కూరలకి పంపండి. ఫోనులో నొక్కితే పది నిమిషాల్లో కూరలు గుమ్మంలోకి వస్తాయి, నిజమే. ఆయనకి గంటన్నర పడుతుంది. వంకాయలు తెచ్చి, "ఇవేం వంకాయలు, మన లంక వంకాయ ముందు ఇవెంత" అని సణుగుతారు. సణగనివ్వండి. ఆ గంటన్నరలో ఆయన నలుగురితో బేరమాడతారు. ఎవరో ఒకరు "మీదే ఊరండీ?" అంటారు. "మాది అమలాపురం పక్కనండి. మీదో?" అని ఈయనంటారు. అవతలాయనది అంబాజీపేటే అవుతుంది, ఇంకేముంది. ఆ రోజు మధ్యాహ్నం ఆయన అన్నం తినే తీరు వేరుగా ఉంటుంది, చూడండి.

పచ్చదనం సంగతి కూడా చెప్పుకోవాలి. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు ఒక సంగతి ప్రకటించాడు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేశాడు. అందరికీ ఒకే ఆపరేషను, పిత్తాశయానికి. కొందరి గది కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయి. కొందరి కిటికీలోంచి ఇటుక గోడ కనిపిస్తుంది. చెట్లు కనిపించినవాళ్ళు కాస్త ముందే కోలుకుని ఇంటికెళ్ళారు. నొప్పికి వాడే ఘాటైన మందులు కూడా వాళ్ళకి తక్కువే కావలసి వచ్చాయి. మన కడియపులంక, బుర్రిలంక నర్సరీల నుంచి లారీల నిండా మొక్కలు ఏ నగరాలకి వెళుతున్నాయో అందరికీ తెలుసు. ఇక్కడ ఎక్కించిన నందివర్ధనం అక్కడ ఏదో కంపెనీ గేటు ముందు కాపలా కాస్తుంది. మన పిల్లల బాల్కనీలో మాత్రం ఏసీ పెట్టె, ఎండిన తుడుపుగుడ్డ. రెండు కుండీలు పెట్టించండి. ఒక కరివేపాకు, ఒక మల్లె. పొద్దున ఫోను చూడక ముందు చెంబెడు నీళ్ళు పోయాలి. ఆకు వెనక పురుగు పట్టిందేమో తిప్పి చూడాలి. కొత్త చిగురొచ్చిందా అని వంగి చూసే ఆ కాసేపూ ఆఫీసు గుర్తుకు రాదు.

ఇక మీ దగ్గరికి వస్తున్నాను. ఊళ్ళో ఉన్న అమ్మలూ, నాన్నలూ, అత్తలూ, మామలూ. మీతోనే ఎక్కువ పని అన్నాను కదా.

2011లో జర్మనీలోని మాన్‌హైమ్ నగరంలో శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన ఒకటి నేచర్ పత్రికలో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న మనుషుల్ని స్కానింగు యంత్రంలో పడుకోబెట్టి, గడియారం పెట్టి, లెక్కలు చేయమన్నారు. చేస్తుండగా చెవిలో మందలించారు. సరిగ్గా చేయడం లేదని, మిగతావాళ్ళు ఇంతకంటే బాగా చేస్తున్నారని. పల్లెల్లో ఉండేవాళ్ళ కంటే పెద్ద నగరాల్లో ఉండేవాళ్ళ మెదడులో, భయాన్ని పసిగట్టే భాగం ఎక్కువగా ఉలిక్కిపడింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ మందలింపు లేకుండా బుర్రకి పని పెట్టినప్పుడు నగరం వాళ్ళకీ పల్లె వాళ్ళకీ తేడా కనపడలేదు. అంటే లెక్క వాళ్ళని బెదరగొట్టలేదు. "నువ్వు వెనకబడ్డావు" అన్న మాట బెదరగొట్టింది.

ఆ మాట ఆఫీసులో మేనేజరు ఎలాగూ అంటాడు. దానికి వాడికి జీతమిస్తున్నారు. రాత్రి తొమ్మిదింటికి మన ఇంటి నుంచి వెళ్ళే ఫోను ఎలా ఉంటుందో ఒకసారి వినండి.

"ఏరా నాన్నా, తిన్నావా?"

"ఆఁ, తిన్నానమ్మా."

"ఏం తిన్నావో ఏంటో, మొన్న వీడియోలో చిక్కిపోయి కనపడ్డావు. అన్నట్టు, ఎదురింటి వాళ్ళబ్బాయి ఫ్లాటు కొన్నాడంట్రా. మూడు బెడ్‌రూములంట. వచ్చే నెల గృహప్రవేశం."

అవతల నుంచి ఉలుకూ పలుకూ ఉండదు.

"వింటున్నావా? ఉండు, నాన్నగారికిస్తాను."

"ఏరా, హైకు ఇచ్చారా? ఇవ్వలేదా? మరి నీతో చేరినవాడికి ఇచ్చారంట కదా, వాళ్ళ నాన్న చెప్పాడు."

ప్రేమతోనే అడుగుతున్నాం. అందులో అనుమానం లేదు. అయినా ఆ పిల్లాడి చెవిలో పడేది మాన్‌హైమ్‌లో వినిపించిన మాటే. మిగతావాళ్ళు నీకంటే బాగా చేస్తున్నారని. పెళ్ళైన ఆడపిల్లకైతే అలాంటి ఫోన్లు రెండు. పుట్టింటి నుంచి ఒకటి, అత్తింటి నుంచి ఒకటి. "పిల్లని ఆయా దగ్గర వదిలేసి నువ్వు మీటింగులంటావేంటమ్మా" అని ఒకరు. "వంటమనిషిని పెట్టారంటగా" అని ఇంకొకరు. ఆఫీసు పని అయ్యాక ఇంటి పని మొదలుపెట్టే మనిషితో మాట్లాడుతున్నామని మనకి గుర్తుండదు. అబ్బాయిని కన్న అత్తగార్లకి చిన్న మనవి. ఈసారి ఫోనులో కొడుకుని అడగండి, "ఇవాళ వంట నువ్వు చేశావా?" అని. ఆ ఇంట్లో సగం బరువు ఆ ఒక్క ప్రశ్నతో కదులుతుంది.

నగరం మన పిల్లల మీద మోపే బరువులో కొంత వాటా మనం ఇక్కణ్ణుంచే పంపిస్తున్నాం, ఆవకాయతో పాటు. ఇది కటువుగా ఉంటే మన్నించండి. ఉన్నమాట.

మరి ఫోనులో ఏం మాట్లాడాలి? అడగడం తగ్గించి చెప్పడం పెంచండి. గేదె ఈనిందని చెప్పండి. మామిడి పూత మొన్నటి మంచుకి మాడిపోయిందని చెప్పండి. గోదారి ఎర్రనీరు వచ్చిందని, రేవులో మెట్లు మునిగాయని చెప్పండి. వీధిలో ఇద్దరు పోట్లాడుకుంటే అది కూడా పూసగుచ్చినట్టు చెప్పండి. పాపం వాళ్ళకి నవ్వొస్తుంది. దానికి వాళ్ళు జవాబు చెప్పుకోవాల్సిన పనుండదు.

ఇంకొక్క మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఇందాకటి బొత్తాం గుర్తుందా? నొక్కకపోయినా సరే, ఉందని తెలిస్తే చాలన్న బొత్తాం? మన పిల్లలకి ఆ బొత్తాం మన ఇల్లే. "మరీ కష్టమైతే వదిలేసి వచ్చెయ్యి నాన్నా. ఇక్కడ ఇల్లుంది, మేమున్నాం. నలుగురూ ఏమంటారో మేం చూసుకుంటాం." ఈ మాట వాళ్ళతో ఒక్కసారైనా అన్నామా? మనసులో ఉంది, పైకి అనలేదు. అంటే ఉద్యోగం మానేసి వచ్చేస్తారేమోనని భయం. రారండి. నూటికి తొంభైమంది రారు. మర్నాడు పొద్దున లేచి ఆఫీసుకే వెళతారు. కాకపోతే ఆ వెళ్ళడం వేరుగా ఉంటుంది. ఎవరో ఒకరిద్దరు నిజంగానే వచ్చేస్తే, రానివ్వండి. రంగం నుంచి నడిచొచ్చినవాళ్ళని మన ఊళ్ళు తోసెయ్యలేదు.

చివరగా, కుండీలతోనూ కబుర్లతోనూ తీరని కష్టం కొందరిది. రెండు వారాలకి మించి నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు లేకపోయినా, తిండి సహించకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, తాగుడు పెరుగుతున్నా, అది జబ్బు కావచ్చు. జ్వరానికి మందున్నట్టే దీనికీ మందుంది, డాక్టరున్నారు. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పెళ్ళి సంబంధాలు పోతాయని దాచిపెట్టి, జబ్బు ముదరబెట్టుకున్న ఇళ్ళు మన చుట్టూ లేవా? ఎవరైనా "బతకాలనిపించడం లేదు" అంటే తేలిగ్గా తీసుకోకండి. తిట్టకండి. ఒంటరిగా వదలకండి. పక్కన కూర్చోండి, వినండి, వెంటనే సాయం పిలవండి.

అలాంటప్పుడు చేయాల్సిన ఫోను నంబరు ఒకటి చెబుతాను. టెలి మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది. పైసా ఖర్చు లేదు. తెలుగులోనే మాట్లాడొచ్చు. కష్టంలో ఉన్నవాళ్ళే చేయాలని లేదు, వాళ్ళ గురించి మీరూ చేసి అడగొచ్చు. కాగితం, పెన్నూ తీసుకోండి. నంబరు 14416. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. మళ్ళీ చెబుతున్నాను. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.

ఆ కాగితం క్యాలెండరుకి గుచ్చి పెట్టండి. తర్వాత హైదరాబాదుకి ఫోను చేసి పిల్లలకి కూడా ఈ నంబరు రాసుకోమనండి. జీతం సంగతి ఇవాళ్టికి అడక్కండి.